కీమో నడుస్తుండగా సర్పి లేస్తే ఏం చేయాలి

నడుముకు ఒక పక్కనో, రొమ్ము కిందనో మంట మొదలై, రెండు మూడు రోజులకు అదే చోట ఎర్రటి దద్దు మీద నీటి పొక్కులు గుత్తులుగా లేస్తే, ఊర్లో ఎవరు చూసినా సర్పి అనే చెప్తారు. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. డాక్టర్లు దాన్నే హెర్పిస్ జోస్టర్ అంటారు. జబ్బు పేరు పట్టడంలో మనవాళ్లు అంతగా పొరపాటు పడరు. పొరపాటంతా ఆ తర్వాతి మూడు రోజుల్లో జరుగుతుంది. ఒకరోజు పసరు, ఒకరోజు మంత్రం, ఒకరోజు "వచ్చే వారం కీమోకు పోతాం కదా, అప్పుడు చూపిద్దాం" అనుకోవడం. ఒంట్లో సత్తువ ఉన్న మనిషికి ఆ ఆలస్యం నొప్పితో పోవచ్చు. కీమో, స్టెరాయిడ్లు తీసుకుంటున్న మనిషికి అదే ఆలస్యం కంటి చూపు మీదకు, ఊపిరితిత్తుల మీదకు రావచ్చు.

అందుకని ఇది చదువుతున్న ఇంట్లో ఇప్పటికే పొక్కులు కనిపించి ఉంటే, మిగతాది తర్వాత చదవండి. ముందు ఫోను చేయండి.

మొదటి ఫోను

కీమో ఎక్కించే దవాఖానకే చేయాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, పంజాగుట్ట నిమ్స్, బంజారాహిల్స్ బసవతారకం, బీబీనగర్ ఎయిమ్స్, ఎక్కడ చికిత్స నడుస్తున్నా మీ ఫైలు మీద వార్డు నంబరో, కోఆర్డినేటర్ నంబరో రాసి ఉంటుంది. నాలుగు ముక్కలు చెబితే చాలు: ఏ క్యాన్సరు, చివరి కీమో ఏ తారీఖున ఎక్కింది, పొక్కులు ఎప్పుడు ఎక్కడ మొదలయ్యాయి, ఇప్పుడు జ్వరం ఎంత ఉంది. వాట్సాప్‌లో ఫోటో పంపే వీలుంటే పగటి వెలుతురులో ఒకటి దగ్గరగా, ఇంకొకటి ఒళ్లంతా కనిపించేలా దూరంగా తీసి పంపండి. దగ్గరి ఫోటో ఒక్కటే పంపితే పొక్కులు ఒంటికి ఏ పక్కన ఉన్నాయో అవతలివాళ్లకు తెలియదు.

పట్నం పోవడానికి ఆ రోజు కుదరకపోతే నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ జనరల్ దవాఖానల్లో మందు మొదలుపెట్టగలరు. చీటీ రాయించుకునేటప్పుడే "కీమో పేషెంటు, సర్పి లేచింది" అని గట్టిగా చెప్పండి. ఎందుకంటే వరుసలో నిలబెడితే పక్కనున్నవాళ్లకూ ముప్పు, మీకూ ముప్పు. వెంట తీసుకుపోవలసినవి: కీమో ఫైలు, చివరి రక్త పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) రిపోర్టు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు, ఆధార్.

సర్పి వైరస్‌ను అణచే మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అయితే ఈ లెక్క మామూలు మనుషులకు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో వైరస్ ఎక్కువ రోజులు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నాలుగో రోజైనా, ఆరో రోజైనా మందు ఇస్తారు. "మూడు రోజులు దాటింది, ఇంక లాభం లేదు" అని ఎవరన్నా అంటే నమ్మి ఊరుకోవద్దు.

సర్పేనా, వేరే ఏదన్నానా

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపూస పక్కనుండే నరాల ముడుల్లో ఏళ్లకేళ్లు దాగి ఉంటుంది. కీమో, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు, బోర్టెజోమిబ్, రిటుక్సిమాబ్ అనే క్యాన్సరు మందులు, ఎముక మజ్జ మార్పిడి, ఇవి కాపలా కాసే తెల్లకణాలను దెబ్బతీసినప్పుడు అది నిద్ర లేచి నరం వెంట చర్మం దాకా వస్తుంది. లింఫోమా, లుకేమియా, మైలోమా లాంటి రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్లకు ఈ ముప్పు మిగతా క్యాన్సర్ల కంటే ఎక్కువ. మైలోమాకు బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు నడిచేటప్పుడు రోజూ చిన్న మోతాదులో ఎసైక్లోవిర్ మాత్ర రాసేది ఇందుకే. "నాకు ఏ పొక్కులూ లేవు కదా, ఈ మాత్ర ఎందుకు" అని చాలామంది దాన్నే ముందు మానేస్తారు. మానొద్దు.

పొక్కుల కంటే ముందు నొప్పి వస్తుంది. సురుక్కుమనడం, సూదులు గుచ్చినట్టు పోట్లు, చీమలు పారినట్టు జిల, చొక్కా తగిలినా ఓర్వలేని మంట. ఒక్కోసారి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగైదు రోజులు ఇదే ఉంటుంది, చర్మం మీద ఏమీ కనపడదు. ఈ దశలో ఛాతీకి ఎడమ పక్క వస్తే గుండె అనుకుంటారు, కడుపుకు కుడి పక్క వస్తే పిత్తాశయంలో రాయి అనుకుంటారు, వీపున వస్తే క్యాన్సరు ఎముకకు పాకిందని హడలిపోతారు. ఛాతీ నొప్పిని గుండె కాదని తేల్చేది డాక్టరే, ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. అయితే ఒకే పక్కన, పట్టీ కట్టినట్టు, పైపైన చర్మం మంటగా ఉంటే రోజుకు రెండుసార్లు బట్ట తీసి వీపు వైపు కూడా చూడండి. వీపు మీద మొదలైన పొక్కులు పేషెంటుకు కనపడవు, ఇంట్లోవాళ్లే చూడాలి.

రేడియేషన్ నడిచేవాళ్లలో ఇంకో తికమక ఉంది. రేడియేషన్ పడిన చర్మం కమిలి నల్లబడటం, పొరలూడటం మామూలే. కానీ ఆ కమిలింది గీత గీసినట్టు రేడియేషన్ పడిన మేరకే ఉంటుంది, మెల్లగా వస్తుంది. గీత దాటి పక్కకు, గుత్తులు గుత్తులుగా, లోపల నీరు నిండి వస్తే అది వేరే సంగతి. ప్లేట్‌లెట్లు (నెత్తురు గడ్డకట్టించే కణాలు) తగ్గిన మనిషికి పొక్కుల్లో నీటి బదులు నెత్తురు చేరి నల్లగా కనిపించవచ్చు.

తల, తోక కలుస్తాయన్న భయం

సర్పి నడుము చుట్టూ తిరిగి తల తోక కలిస్తే ప్రాణం పోతుందన్న మాట మన పల్లెల్లో తాతల నాటిది. ఈ మాట విన్న పేషెంటు రాత్రంతా అద్దం ముందు నిలబడి కొలుచుకుంటాడు. అసలు సంగతి ఇది. ఒక్కో నరం వెన్నెముక దగ్గర పుట్టి ఒంటికి ఒక పక్కనే తిరిగి ముందువైపు నడిమధ్యలో ఆగిపోతుంది. అందుకే సర్పి కూడా సగం ఒళ్లే చుడుతుంది, నడిగీత దగ్గర నిలిచిపోతుంది. తల తోక కలవడానికి అక్కడ దారే లేదు.

కానీ ఆ పాత మాటలో ఒక జాగ్రత్త దాగి ఉంది, కీమో పేషెంటు విషయంలో దాన్ని పట్టించుకోవాలి. పొక్కులు నడిగీత దాటి అవతలి పక్కకు వచ్చినా, మొదటి పట్టీకి దూరంగా ముఖం మీదో చేతుల మీదో విడివిడిగా లేచినా, వైరస్ నెత్తురులో కలిసి ఒళ్లంతా పాకుతోందని అర్థం. మొదట లేచిన పట్టీకి, దాని పక్క పట్టీకి అవతల 20కి మించి పొక్కులుంటే డాక్టర్లు దాన్ని పాకిన సర్పిగా లెక్కిస్తారు. మీరు ఇరవై దాకా లెక్కపెడుతూ కూర్చోవద్దు, నాలుగైదు కనిపించినప్పుడే ఫోను చేయండి. దీనికి మాత్రలు చాలవు. దవాఖానలో చేర్చి వైరస్ మందు ఎసైక్లోవిర్‌ను రక్తనాళం ద్వారా 8 గంటలకోసారి ఎక్కించాలి.

పాకుతోందో లేదో తెలియడానికి సులువైన పని ఒకటుంది. దద్దు అంచు బయట, మంచి చర్మం మీద బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టండి. రోజూ ఒకే వేళకు, ఒకే దూరం నుంచి ఫోటో తీయండి. మూడో రోజు "పెరిగిందా తగ్గిందా" అని ఇంట్లో వాదించుకునే పని ఉండదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

జాజు (ఎర్రమట్టి) పూయించడం, మంత్రం వేయించడం గురించి ఒక మాట. నమ్మిన పెద్దవాళ్లను కసురుకోనక్కర్లేదు. మంత్రం వింటే అవ్వకు ధైర్యం వస్తుందంటే వినిపించండి. కానీ మాత్ర ముందు పడాలి, పొక్కుల మీద ఏ పూతా పడకూడదు. జాజు, పేడ బూడిద, నూరిన ఆకు పసరు, వీటిలో మట్టి క్రిములుంటాయి. చిట్లిన పొక్కంటే తెరిచిన తలుపు లాంటిది. కీమో ఎక్కిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటి ఉంటాయి. అప్పుడు ఆ తలుపులోంచి పోయిన క్రిమిని ఆపేవాళ్లు ఒంట్లో ఉండరు.

మాత్రల లెక్క

ఎక్కువగా రాసేవి మూడు. ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు 5 సార్లు, వాలసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు 3 సార్లు, ఫామ్‌సైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు. ఏదైనా 7 నుంచి 10 రోజులు. కీమో పేషెంటుకు ఇంకా పొక్కులు లేస్తూ ఉంటే, అన్నీ పక్కు కట్టేదాకా పొడిగిస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఈ మోతాదులు తగ్గుతాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కినవాళ్లకు, మైలోమా ఉన్నవాళ్లకు, షుగరు పాతబడినవాళ్లకు క్రియాటినిన్ చూడకుండా పూర్తి మోతాదు వేయకూడదు. కాబట్టి పై అంకెలు మీ చీటీతో సరిచూసుకోవడానికే, సొంతంగా కొనుక్కోవడానికి కాదు.

సరిచూసుకోవడం ఎందుకంటే, తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఎసైక్లోవిర్ 200, 400, 800 మూడు సైజుల్లో దొరుకుతుంది. షాపులో 800 లేక 400 ఇస్తే ఒక్కోసారికి రెండు వేసుకోవాలి. ఆ మాట ఎవరూ చెప్పకపోతే సగం మందే లోపలికి పోతుంది. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజులకు సరిపడా ఇచ్చి "తగ్గకపోతే మళ్లీ రా" అనడం కూడా చూస్తుంటాం. లెక్క ఇలా వేసుకోండి: ఎసైక్లోవిర్ 800 ఏడు రోజులకు 35 మాత్రలు, పది రోజులకు 50. 400 అయితే 70, 100. వాలసైక్లోవిర్ 1 గ్రాము ఏడు రోజులకు 21, 500 మిల్లీగ్రాములైతే 42. చేతికొచ్చిన స్ట్రిప్పులు ఈ లెక్కకు తక్కువుంటే షాపు దగ్గరే అడగండి. జనఔషధి దుకాణాల్లో దొరికితే ఖర్చు చాలా తగ్గుతుంది.

ఐదుసార్ల మందుకు వేళలు: పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. ఫోనులో ఐదు అలారాలు పెట్టండి. మూడుసార్ల మందుకు 6, 2, 10. తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. కీమో వల్ల వాంతులుంటే వాంతి మందు వేసుకున్న అరగంటకు దీన్ని వేయండి. మాత్ర వేసిన కాసేపటికే వాంతయి అందులో మాత్ర కనిపిస్తే దవాఖానకు ఫోను చేసి మళ్లీ వేయాలా అని అడగండి. ఏమీ నిలవడం లేదంటే ఇంజెక్షన్ మీదకు మార్చాల్సిందే.

ఈ మందు కిడ్నీల గుండా పోతుంది. నీళ్లు చాలకపోతే అక్కడ గడ్డకట్టి ఇసుకలా ఆగే ప్రమాదం ఉంది, ముఖ్యంగా రక్తనాళం ద్వారా ఎక్కించేటప్పుడు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే రోజుకు రెండున్నర లీటర్ల దాకా తాగించండి. మూత్రం తగ్గినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా మందు ఒంట్లో పేరుకుంటూ ఉండవచ్చు. అలాగే వైరస్ మెదడుకు తగిలినా ఇవే లక్షణాలు. రెండింటిలో ఏదైనా ఆ రాత్రే దవాఖాన.

ఒకవేళ క్యాన్సరు చికిత్సలో మెథోట్రెక్సేట్ ఉంటే ఆ సంగతి సర్పి మందు రాసే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, రెండూ కిడ్నీ మీదే భారం. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు వాడుతుంటే "ఇవే శక్తి తగ్గిస్తున్నాయి" అని మీకై మీరు ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు.

పొక్కుల మీద ఏం వేయాలి, ఏం వేయకూడదు

వేయాల్సింది చాలా తక్కువ. రోజుకు ఒకసారి తానం చేయించండి. సర్పికి ఒంటి మీద నీళ్లు పోయకూడదన్నది తప్పు, మురికి చర్మమే చీము పట్టిస్తుంది. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, చెంబుతో మెల్లగా పోయడం, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దడం. ఆ బట్ట ఇంకెవరూ వాడకూడదు.

మంటకు చల్లటి తడిబట్ట అన్నింటికంటే బాగా పనిచేస్తుంది. ఒక లీటరు నీళ్లు కాచి చల్లార్చి, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు కలపండి. ఉతికి ఎండలో ఆరేసి ఇస్త్రీ చేసిన పాత నూలు బట్టను అందులో ముంచి, పిండి, పొక్కుల మీద పది పదిహేను నిమిషాలు ఉంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు. తీసేశాక గాలికి ఆరనివ్వండి. ఐసుముక్క నేరుగా పెట్టొద్దు, మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు. ఉప్పునీళ్లు ఏ రోజువి ఆ రోజే కలుపుకోవాలి.

చిట్లని పొక్కుల మీద కాలమైన్ లోషన్ పల్చగా పూయవచ్చు. చిట్లినవాటి మీద వద్దు, అట్ట కట్టి కింద చీము దాస్తుంది. చిట్లిన చోట అంటుకోని పారఫిన్ గాజుగుడ్డ (కట్టుకు వాడే పల్చటి జాలి బట్ట) వేసి, పైన మామూలు గాజుగుడ్డ, దాని మీద వదులుగా కట్టు. రోజుకోసారి, తడిస్తే రెండుసార్లు మార్చాలి. గాజుగుడ్డ అంటుకుపోతే లాగొద్దు, ఉప్పునీళ్లు పోసి నాననివ్వండి. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి లాగిన చోటల్లా నెత్తురు కారుతుంది. కట్టు మార్చే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, గ్లౌజులుంటే వేసుకోండి. తీసిన గాజుగుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పారేయండి. రేడియేషన్ పడే చోట సర్పి లేస్తే రేడియేషన్ వార్డులో అడగకుండా ఏదీ పూయొద్దు.

మెడికల్ షాపులో "దద్దులకు" అని చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉంటాయి. ఇప్పటికే తక్కువున్న చర్మపు కాపలాను ఆ స్టెరాయిడ్ ఇంకా తగ్గిస్తుంది. ఎసైక్లోవిర్ క్రీముతో సర్పి తగ్గదు, లోపలికి పోయే మందే కావాలి. వేపాకు కాచిన నీళ్లు చల్లార్చి తానానికి కలిపితే పెద్ద నష్టం లేదు. పచ్చి వేపాకు, పసుపు నూరి ముద్దలు పెట్టడం మాత్రం వద్దు.

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఎండ ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు. చెమట పట్టిన కొద్దీ మంట, దురద పెరుగుతాయి. కరెంటు పోయే ఇంట్లో పేషెంటు మంచాన్ని గాలి ఆడే చోట, దుమ్ము పడని చోట వేయండి. చొక్కా రాపిడికి ఓర్వలేకపోతే వదులు బట్ట కంటే ఒంటికి మెత్తగా అతుక్కునే నూలు బనియన్ నయం. కదలని బట్ట నరాన్ని తక్కువ కెలుకుతుంది. ఇది వినడానికి తిరకాసుగా ఉన్నా, కట్టు వేసిన తర్వాత ఒకసారి ప్రయత్నించి చూడండి.

మందు ఎక్కించడానికి ఛాతీ మీద పెట్టిన కీమో పోర్టో, చేతికి పెట్టిన పిక్ లైను గొట్టమో ఉండి పొక్కులు దాని దగ్గరికి వస్తే ఆ కట్టును ఇంట్లో విప్పొద్దు. నర్సు చేతే మార్పించాలి.

నొప్పి

సర్పి నొప్పి నరం కాలిన నొప్పి. మామూలు నొప్పి మాత్రలతో పూర్తిగా తగ్గకపోతే మందు పనిచేయడం లేదని కాదు, దానికి వేరే రకం మందు కావాలి. ముందుగా పారాసెటమాల్. కానీ వేసే ప్రతిసారీ ముందు థర్మామీటరు పెట్టి చూడాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ ఉంటే మాత్రతో అణచకుండా దవాఖానకు ఫోను చేయాలి. చూడకుండా ఆరు గంటలకోసారి వేస్తూ పోతే జ్వరం దాగిపోయి, లోపల ఇన్ఫెక్షన్ ముదిరాక బయటపడుతుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకు కడుపులో నెత్తురు కారుతుంది, కిడ్నీలకూ దెబ్బ. ముఖ్యంగా ఊర్లో నొప్పికి పిరుదుకు వేసే డైక్లోఫెనాక్ సూదిని గట్టిగా కాదనండి. వేసిన చోట కండరంలో నెత్తురు గడ్డకట్టి, దానికి చీము పట్టిన పేషెంట్లు దవాఖానలకు వస్తూనే ఉంటారు.

నరం నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ రాస్తారు. గాబాపెంటిన్ సాధారణంగా రాత్రి 100 నుంచి 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి కొన్ని రోజులకోసారి పెంచుకుంటూ పోతారు. మొదటి రాత్రే నొప్పి పోతుందని చూడొద్దు, సరైన మోతాదుకు చేరడానికి వారం, పది రోజులు పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు తూలు, మత్తు ఉంటాయి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఎవరో ఒకరు చేయి పట్టుకోవాలి, వాకిట్లో దీపం ఉంచాలి. ఎముకకు పాకిన క్యాన్సరున్న మనిషి ఒక్కసారి జారిపడితే తొంటి విరగవచ్చు. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండడం, మలబద్ధకం, వయసు మళ్లిన మగవాళ్లకు మూత్రం బిగుసుకుపోవడం ఉండవచ్చు. ఈ మందులు తగ్గించేటప్పుడు కూడా మెల్లగా, చెప్పినట్టే తగ్గించాలి.

మార్ఫిన్, ట్రమడాల్ ముందునుంచే వాడుతుంటే గాబాపెంటిన్ కలిశాక మత్తు రెట్టింపవుతుంది. పిలిచినా లేవనంత నిద్ర, ఊపిరి మెల్లబడటం కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఫోను చేయండి.

ఇక్కడ మన జిల్లాల్లో దాచిపెట్టే సంగతి ఒకటుంది, కల్లు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అమ్మే కల్లులో చాలాచోట్ల అల్‌ప్రాజోలం, డయాజిపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. చలువ చేస్తుందని సర్పికి కల్లు పట్టిస్తే, గాబాపెంటిన్, మార్ఫిన్‌లతో కలిసి ఊపిరే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇంకో వైపు, రోజూ తాగే అలవాటున్న మనిషి జబ్బు పడి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ వస్తాయి. అవి చూసి సర్పి మెదడుకెక్కిందని అనుకుంటారు. రోజుకు ఎన్ని సీసాలు తాగేవారో సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో చికిత్స దారే మారుతుంది.

ఇంట్లోవాళ్లకు అంటుతుందా

సర్పి సర్పిగా అంటదు. కానీ ఆటలమ్మ ఎప్పుడూ పోయని, దానికి టీకా వేయించుకోని మనిషికి పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ పోయవచ్చు. అన్నీ ఎండి పక్కు కట్టేదాకా ఈ జాగ్రత్త. ఆటలమ్మ పోసి తగ్గిన పెద్దవాళ్లు సేవ చేయవచ్చు, భయం లేదు. దూరంగా ఉండాల్సింది ముగ్గురు: పసిపిల్లలు, ఆటలమ్మ పోయని గర్భిణులు, ఒంట్లో శక్తి తగ్గిన ఇతర పేషెంట్లు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డ ఇంట్లో ఉంటే, పక్కులు కట్టేదాకా ఆమెను అత్తింటికో, చిన్నమ్మ ఇంటికో పంపడం మేలు. ఇప్పటికే పొక్కులు తాకి ఉంటే ఆమె డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.

పట్టీలా ఒకచోటే ఉన్న సర్పిని కప్పి ఉంచితే ప్రమాదం బాగా తగ్గుతుంది. బస్సులో పోక తప్పకపోతే నిండు చేతుల చొక్కా వేసుకుని, కట్టు జారకుండా చూసుకుని పోవచ్చు. ఒళ్లంతా పాకినా, ముఖం మీద ఉన్నా బస్సు వద్దు. ఒళ్లంతా పాకినప్పుడు అది గాలి ద్వారా కూడా అంటుతుంది. తువ్వాళ్లు, దుప్పట్లు వేరుగా పెట్టి, వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. గోళ్లు కత్తిరించి ఉంచండి.

ఇది తిరగేసి కూడా చూడాలి. కీమో తీసుకుంటున్న మనిషి ఉన్న ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ పోస్తే, పేషెంటుకు ఏమీ కనపడకున్నా దవాఖానకు అదే రోజు చెప్పండి. ముందుగా ఇచ్చే మందులకు రోజుల లెక్క ఉంటుంది.

తిండి, నీళ్లు

ఉప్పు, కారం, నూనె, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించి సప్పిడి గంజి మీద పెట్టడం పాత పథ్యం. కీమోకు చిక్కిపోయిన ఒంటికి అది దెబ్బ. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. రోజుకు రెండు గట్టిగా ఉడికిన గుడ్లు, రెండు పూటలా పప్పు, బాగా ఉడికిన కోడికూర, పెసరట్టు, మెత్తగా నానేసిన జొన్న రొట్టె లేదా గట్క, ఏది మింగగలిగితే అది. పచ్చి కూరలు, కోసి పెట్టిన పండ్లు, బయటి చట్నీలు వద్దు. తెల్లకణాలు బాగా తగ్గాయని చెప్పిన రోజుల్లో పెరుగు, సల్ల సంగతి దవాఖానలో అడిగి తాగించండి.

తాగడానికి భగీరథ నీళ్లో, ఫిల్టరు నీళ్లో కాచి చల్లార్చి ఇవ్వండి. ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లను కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మునుగోడు, మర్రిగూడ వైపువాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వేళాపాళా చూడకుండా బయల్దేరాల్సిన గుర్తులు

నుదురు, కనురెప్ప, ముక్కు కొన మీద పొక్కు. ముక్కు కొన మీద ఒక్క పొక్కు లేచినా ఆ నరమే కంటి లోపలికీ పోతుంది కాబట్టి కంటికి తగిలే అవకాశం ఎక్కువ. కన్ను ఎర్రబడకున్నా ఆ రోజే కంటి డాక్టరు చూడాలి. జిల్లా దవాఖాన కంటి విభాగం, మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి దవాఖాన, ఎల్వీ ప్రసాద్, ఏది అందితే అది. ఇంట్లో ఉన్న పాత కంటిచుక్కలు వేయొద్దు.

చెవిలో పొక్కులతో పాటు మూతి వంకర పోవడం, వినికిడి తగ్గడం, తల తిరగడం. 100.4 చేరిన, దాటిన జ్వరం. ఆయాసం, దగ్గు. తలనొప్పితో మెడ పట్టేయడం, తికమక. మూత్రం బిగుసుకుపోవడం, కాలు చచ్చుబడటం. పొక్కుల చుట్టూ ఎరుపు పెరిగి, చీము, వాసన. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేసి, ఎక్కగానే "కీమో అయి ఇన్ని రోజులైంది" అని చెప్పండి.

తర్వాతి కీమో, టీకా, మిగిలిపోయే నొప్పి

కొత్త పొక్కులు ఆగి, ఉన్నవన్నీ పక్కు కట్టేదాకా కీమో వాయిదా వేయడం మామూలే. వారం రెండు వారాల వాయిదాతో క్యాన్సరు చేయి దాటిపోతుందని కుంగిపోవద్దు, వాయిదా ఎంతన్నది మీ డాక్టరు లెక్కగట్టే చెప్తారు. టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి రోజువారీ మాత్రలు చెప్పనిదే ఆపొద్దు. కీమో తారీఖున చెప్పకుండా పోయి వార్డులో కూర్చోవడం మాత్రం తప్పు. అక్కడ పక్క కుర్చీలో ఉన్నదీ మీలాంటి మనిషే. ముందు రోజే ఫోను చేస్తే వేరే గదో, వేరే రోజో ఇస్తారు.

సర్పికి టీకా ఉంది. బతికున్న వైరస్‌తో చేసిన పాత రకం కీమో పేషెంట్లకు పనికిరాదు. 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్న షింగ్రిక్స్‌లో బతికున్న వైరస్ ఉండదు. రెండు డోసులు, మామూలుగా 2 నుంచి 6 నెలల ఎడంతో, శక్తి తగ్గినవాళ్లకు 1 నుంచి 2 నెలల ఎడంతో వేస్తారు. లేచిన సర్పిని అది తగ్గించదు. వీలైతే కీమో మొదలయ్యే ముందు, లేదా రెండు చికిత్సల మధ్య రక్త కణాలు కోలుకున్నప్పుడు వేయించుకోవాలి. ధర ఎక్కువ, ప్రభుత్వ టీకాల్లో లేదు. ఒకసారి సర్పి వచ్చి తగ్గినవాళ్లకు కూడా మళ్లీ రావచ్చు కాబట్టి వాళ్లూ అడగవచ్చు.

పక్కులు రాలాక కూడా మంట మిగిలి 90 రోజులు దాటితే దాన్ని సర్పి తర్వాతి నరం నొప్పి అంటారు. వయసు 60 దాటినవాళ్లకు, మొదట్లో నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. చర్మం పూర్తిగా మానాక లిడోకెయిన్ 5 శాతం పట్టీలు 12 గంటలు వేసి 12 గంటలు తీసేసే పద్ధతిలో వాడవచ్చు. మిరపకాయ ఘాటు నుంచి చేసిన క్యాప్సైసిన్ క్రీము కూడా ఉంది. మొదటి వారం మంట పెంచుతుంది, రాసిన చేతిని సబ్బుతో కడగకుండా కంటికి తాకించకూడదు. ఈ రెండూ పచ్చి పుండు మీద వాడేవి కావు. నొప్పికి నిద్ర పట్టని మనిషిని "క్యాన్సరుకే ఓర్చుకున్నావ్, దీనికి ఓర్చుకోలేవా" అనొద్దు. ఎంఎన్‌జేలో నొప్పి కోసమే వేరుగా పాలియేటివ్ విభాగం ఉంది, జిల్లాల్లోనూ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. నొప్పి పదికి ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఏ మందుకు ఎంతసేపు తగ్గింది, ఈ మూడూ ఒక నోటుబుక్కులో వారం రోజులు రాసుకుని పోతే మొదటి రోజే మోతాదు సరిచేసి ఇస్తారు.